విద్యుద్వాహనము – దారి మజిలీలు

1968వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన అమెరికాదేశపు రెండు కొసలనుండి రెండు విద్యుత్కారులు ఒకదాని కొకటి ఎదురుగా బయలుదేరినవి. పశ్చిమమున పాసడీనా నగరమందలి కాల్‌టెక్ విద్యార్థులు ఒక పాత ఫోక్స్‌వ్యాగన్ మైక్రోబస్సులోని పెట్రోలు ఇంజనును తీసివేసి, మోటారును సీసపు బ్యాటరీలను అమర్చుకొని తూర్పునకును, తూర్పున కేంబ్రిడ్జి నగరమందలి ఎం.ఐ.టి. విద్యార్థులు అట్లే మార్చుకొన్న షెవ్రొలే కోర్వెయిర్ కారులో నికెల్-కాడ్మియం బ్యాటరీలతో పడమటికిని పయనమై, ఎదుటి విద్యాలయపు వాకిలి ముందుగా చేరినవారిదే గెలుపని పందెము వేసికొనిరి. ఈ సవాలు చేసినవాడు వాలీ రిప్పెల్ అను కాల్‌టెక్ విద్యార్థి. దారి పొడవు 3,311 మైళ్లు, అనగా ఇంచుమించు 5,300 కిలోమీటర్లు. ఆ కారులకో, ఒక్క ఛార్జితో నూరు కిలోమీటర్లు నడచుటయే ఘనము. అట్టి కారులు అంతటి ఖండమును దాటగలుగుటకు కారణము దారి పొడుగునను ముందుగా నెలకొల్పబడిన 54 ఛార్జింగు మజిలీలు. ఈ పందెమును గూర్చి చదివినపుడెల్ల కారులకంటె ఆ మజిలీలే నా మనస్సును ఆకర్షించును. ఏలయన సుదూరప్రయాణమును ఒక గణితసమస్యగా నెంచి, మజిలీకి మజిలీకి నడుమ దూరమును బ్యాటరీ సత్తువతో సరితూచి, దారినే యంత్రములో ఒక అంగముగా నిర్మించిన తొలి మహాప్రయత్నములలో అది యొకటి.

ఆ ప్రయాణము సుఖముగా సాగలేదు. త్వరత్వరగా ఛార్జి చేయునపుడు ఎం.ఐ.టి. వారి బ్యాటరీలు కాగిపోవుచుండుటచే, మంచుగడ్డలు తెచ్చి వానిపై పోసి చల్లార్చవలసి వచ్చెను. కాల్‌టెక్ వారి మోటారు అరిజోనా రాష్ట్రమున చెడిపోగా, మరియొకటి వచ్చువరకు వారు చాల గంటలు నిలిచిపోయిరి. ఎం.ఐ.టి. కారే ముందు గమ్యము చేరినను, దానిని వేరొక బండిచే లాగించుకొన్నందుకు కొంత కాలము దండనగా కలుపబడుటచేత, తొమ్మిది దినముల పోటీ ముగియునప్పటికి కాల్‌టెక్ వారు సుమారు అరగంట తేడాతో గెలిచిరి. రిప్పెల్ తరువాతి కాలమున జనరల్ మోటార్స్ వారికై ఇంపాక్ట్ అను విద్యుత్కారును రూపొందించిన ఏరోవైరన్‌మెంట్ సంస్థలోను, ఆపై టెస్లాలోను పనిచేసెను.

1968 నాటి ఆ పందెమునకు పూర్వము విద్యుద్వాహనమునకు మజిలీలు లేకపోలేదు గాని, అవి చాలవరకు ఊరి పొలిమేర దాటలేదు. 1859లో ఫ్రాన్సుదేశీయుడు గాస్తోఁ ప్లాంతే సీసపు బ్యాటరీని కనిపెట్టెను. 1900 ప్రాంతమునకు అమెరికా నగరములలో విద్యుత్కారులు విరివిగా తిరుగుచుండెను. 1902లో పీటర్ కూపర్ హ్యూయిట్ కనిపెట్టిన పాదరసపు రెక్టిఫయరు ఇంటికి వచ్చు ఏసీ కరెంటును డీసీగా మార్చి, కారుషెడ్డులోనే ఛార్జి చేసికొను వసతిని కల్పించెను. కాని పల్లెలకు కరెంటు లేదు. పెట్రోలునో, డబ్బాలలో పోసి ఏ మారుమూల అంగడిలోనైనను అమ్మవచ్చును. బాటల వెంట ఇంధనము దొరకిన వాహనమే బాటలను గెలుచుకొనెను.

1991లో లిథియం-అయాన్ బ్యాటరీ విపణికి వచ్చిన పిమ్మట కథ మరల మొదలయ్యెను. మజిలీల లెక్క నేడు చిత్రమైన రూపము దాల్చుటకు ఆ బ్యాటరీ స్వభావమే హేతువు. ఛార్జి చేయునపుడు లిథియం అయానులు ఒక ధ్రువమునుండి బయలుదేరి, రెండవ ధ్రువమునందలి గ్రాఫైటు పొరల నడుమ చొచ్చి కూర్చుండును. పెండ్లివారింట భోజనపంక్తిలో మొదట వచ్చినవారు చకచక కూర్చుండగా, విస్తళ్లు నిండుకొలది వచ్చినవారు ఖాళీ విస్తరికై వెదకులాడుచు తచ్చాడునట్లు, బ్యాటరీ నిండుకొలది అయానుల చేరిక మందగించును. అపుడును బలవంతముగా కరెంటు నెక్కించినచో లిథియము పొరలలో చేరలేక, ధ్రువముపై లోహముగా పేరుకొని బ్యాటరీకి చేటు తెచ్చును. అందుచేతనే కారులోని నియంత్రణయంత్రము తానే కరెంటును తగ్గించుకొనుచు వచ్చును. పదిశాతమునుండి ఎనుబది శాతమునకు అరగంటలో నిండెడి కారునకు తక్కిన ఇరువది శాతము నిండుట కించుమించు అంతకాలమును పట్టవచ్చును. కావున దూరప్రయాణమున ఒకచోట నిండుగా ఛార్జి చేసికొనుటకంటె, రెండుచోట్ల కొంచెముకొంచెముగా చేసికొని కదలుటయే తెలివి.

వేగమును ఈ లెక్కలోనిదే. గాలి యెదిరించు బలము వేగపు వర్గము ననుసరించి పెరుగును. 45 యూనిట్ల బ్యాటరీ గల కారు నొకదానిని తీసికొందము. అది గంటకు 80 కిలోమీటర్ల వేగమున నూరు కిలోమీటర్లకు 13.5 యూనిట్లు, 100 కిలోమీటర్ల వేగమున 17 యూనిట్లు తినుననుకొందము. హైదరాబాదునుండి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు. మొదటి వేగమున 36.5 యూనిట్లు చాలును. ఎక్కడను ఆగకుండ మూడు గంటల ఇరువది రెండు నిమిషములలో చేరవచ్చును. రెండవ వేగమున దాదాపు 46 యూనిట్లు కావలెను గనుక, దారిమధ్యమందలి సూర్యాపేటలో ఆగక తప్పదు. అయినను అచ్చట 50 కిలోవాట్ల ఛార్జరువద్ద పదునైదు నిమిషములు నిలిచినచో 12 యూనిట్లు చేరును. ఛార్జింగు కాలముతో కలిపి మూడు గంటలలోపలనే విజయవాడ కనబడును. నిదానమే ప్రధానమను మాట ఛార్జరు చెడిపోయిన దినమున ప్రాణము కాచును. ఛార్జరు పనిచేయు దినమున మాత్రము, ఆగుటకు వెనుదీయక సాగినవాడే ముందు చేరును.

కొండదారుల లెక్క వేరు. 1,800 కిలోల కారు వేయి మీటర్ల ఎత్తు ఎక్కుటకు, మామూలు వ్యయముగాక, సుమారు 5 యూనిట్లు అదనముగా తినును. దిగునపుడు మోటారే జనరేటరై అందులో చాలవరకు తిరిగి యిచ్చును. బ్యాటరీలో ఖాళీ యున్నపుడే గదా పుచ్చుకొనుట! అరకువంటి ఎత్తైన తావున రాత్రి బసచేసి, బ్యాటరీని నూటికి నూరు పాళ్లు నింపుకొని తెల్లవారి ఘాటు దిగువారికి ఆ దయ లభింపదు. కొంతదూరము బ్రేకులే కాగవలెను.

దారి చూపు యంత్రగణితమునకును ఈ తిరిగివచ్చు శక్తియే చిక్కు తెచ్చినది. హాలెండుదేశపు గణితవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1959లో ప్రకటించిన అతిహ్రస్వమార్గ పద్ధతి, ఏ దారి ముక్కకును వ్యయము సున్నకంటె తక్కువ కాదను నియమముపై నిలిచియున్నది. విద్యుత్కారు పల్లమున దిగునపుడు వ్యయము ఋణసంఖ్య యగును, నియమము కూలును. దీనికి కనిపెట్టిన పరిష్కారము నాకెంతో హృద్యముగా తోచును: ప్రతి కూడలికిని దాని ఎత్తునకు తగిన శక్తిని ఒక నిల్వగా వ్రాసికొని, ఆ నిల్వల భేదమును ప్రతి దారి ముక్క వ్యయములో సర్దినచో, ఎత్తు ఇచ్చినదానికంటె ఎక్కువ శక్తిని ఏ కారును రాబట్టలేదు గనుక, ఋణసంఖ్య లన్నియు మాయమై పాతపద్ధతియే మరల పనికివచ్చును. ఆపై కారు ఎక్కడ నున్నదనుటతోబాటు ఎంత ఛార్జితో నున్నదనుటయు లెక్కలో చేర్చి, ఏ మజిలీలో ఎన్ని నిమిషములు నిలువవలెనో యంత్రము తేల్చి చెప్పును.

ఇంత చేసినను, ఆ మజిలీలో ఏమి దొరకునో తెలియనిదే లెక్క నిలువదు. 1830లో చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తమ యాత్రాచరిత్రలో మజిలీ మజిలీకి వసతులను, దొరకు వస్తువులను వ్రాసియుంచుట వెనుకవచ్చు యాత్రికుల కెంత ఉపకారమో, ఏ ఛార్జరు పనిచేయుచున్నది, ఎన్ని ఛార్జింగు గన్నులు ఖాళీగా నున్నవి అను సమాచారము నేటి ప్రయాణికునకు అంత ఉపకారము. 2018 డిసెంబరులో భారతప్రభుత్వ విద్యుచ్ఛక్తి మంత్రిత్వశాఖ రహదారుల కిరువైపులను ప్రతి 25 కిలోమీటర్లకు ఒక ఛార్జింగుకేంద్రము, దూరప్రయాణపు బండ్లకును భారీ వాహనములకును ప్రతి 100 కిలోమీటర్లకు ఒక వేగపు కేంద్రము ఉండవలెనని మార్గదర్శకములు వెలువరించెను. అందులో దూరము గలదు. దూర మొక్కటియే చాలదు. సంక్రాంతికి ఊళ్లకు తరలు జనముతో హైదరాబాదు–విజయవాడ దారి క్రిక్కిరిసినపుడు, రెండు గన్నుల కేంద్రమున ముందు ఎనిమిది కారులు నిలిచియున్నవనుకొందము. ఒక్కొక్కదానికి అరగంట చొప్పున, తొమ్మిదవవానికి రెండు గంటల నిరీక్షణ తప్పదు. ఒక గన్ను పాడైనచో అది నాలుగు గంటలు. ఒక్కొక్క గన్నును నాలుగు ఊళ్లలో పంచిపెట్టుటకంటె నాలుగింటిని ఒకచోట నెలకొల్పుట మేలని నా దృఢాభిప్రాయము. అచ్చట ఒకటి చెడినను మూడు పనిచేయును, విడివిడిగా నున్నచోట చెడినది ఒకటే యైనను దానిని నమ్ముకొని వచ్చినవాడు పిల్లలతో పెట్టెలతో నడిదారిలో చిక్కుకొనును.