దాచకుండా రాసిన వైద్యులు

చికిత్స పొందుతున్న రోగి మరణించాడనుకోండి. వైద్యుడు ఆ సంగతి దాచిపెట్టాలా, రాసిపెట్టాలా? సుమారు 2,400 ఏళ్ల క్రితమే గ్రీకు వైద్యులు కొందరు దీనికి జవాబు చెప్పారు.

క్రీ.పూ. 460 ప్రాంతంలో గ్రీసులోని కోస్ దీవిలో హిప్పోక్రటీస్ జన్మించాడు. ఆయన పేరు మీద చాలా గ్రంథాలున్నాయి. అవన్నీ ఒక్కరు రాసినవి కావు. ఆ రోజుల్లో మూర్ఛవ్యాధి దేవతలు పంపినదని జనం నమ్మేవారు. అదీ మిగతా జబ్బుల వంటిదేననీ, దాని మూలం మెదడులో ఉందనీ వాటిలో ఒక గ్రంథం వాదించింది.

'ఎపిడెమిక్స్' అనే మరో గ్రంథం మొదటి, మూడవ భాగాలలో 42 మంది రోగుల వివరాలున్నాయి. జ్వరం ఏ రోజు పెరిగింది, నిద్ర పట్టిందా లేదా, మూత్రం ఏ రంగులో ఉంది - అన్నీ రాశారు. ఆ 42 మందిలో 25 మంది చనిపోయారు! ఆ మాట కూడా దాచలేదు. వైద్యుడు రోగికి మేలు చేయాలి, అది వీలుకాకపోతే కనీసం హాని చేయకూడదు అన్న నియమం కూడా ఈ గ్రంథంలోనే ఉంది.

మరి మేలు చేయాలన్న కోరిక ఒక్కటే చాలునా? చాలదు. రక్తం, శ్లేష్మం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగు ద్రవాల సమతూకం తప్పితే జబ్బు వస్తుందని గ్రీకులు భావించారు. ఇది పొరపాటు. కాని దీన్ని నమ్మి, 19వ శతాబ్దం దాకా వైద్యులు రోగుల నరం కోసి రక్తం తీసేవారు.

1835లో పారిస్ వైద్యుడు పియర్ లూయీ లెక్క వేసి చూశాడు. న్యుమోనియా వచ్చిన తొలి నాలుగు రోజులలోనే రక్తం తీసిన 41 మందిలో 18 మంది మరణించారు. ఆ తరువాత తీసిన 36 మందిలో మరణించినవారు 9 మందే. రక్తం తీయడంవల్ల అనుకున్నంత ప్రయోజనం లేదని ఆయన తేల్చాడు. చూశారా! ఉన్నది ఉన్నట్టు రాసే గ్రీకుల అలవాటే, గ్రీకుల సిద్ధాంతంలోని తప్పును బయటపెట్టింది.

హిప్పోక్రటీస్ పేరుతో ఉన్న శపథంలో రోగి రహస్యాలు కాపాడాలని ఉంది. కాని రోగి అనుమతి అడగాలని లేదు. 1948లో ప్రపంచ వైద్య సంఘం జెనీవాలో కొత్త ప్రతిజ్ఞ తయారుచేసింది. రోగి తన విషయం తానే నిర్ణయించుకునే స్వేచ్ఛను గౌరవిస్తానన్న మాట 2017లో అందులో చేరింది.

ఆపరేషనుకు ముందు డాక్టరుగారు ఒక కాగితంపై సంతకం అడుగుతారు. మీ ఇంట్లో చదువురాని పెద్దలకు అటువంటి కాగితం వస్తే, మీరు చదివి వినిపించండి. అర్థం కానిది డాక్టరుగారినే అడగండి. అడిగే హక్కు రోగికి ఉంది. చెప్పవలసిన బాధ్యత వైద్యునిది.