వార్తల్లో పదం: ఎంబీఏ

మాస్టర్ ఆఫ్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్‌కు పొట్టిపేరు ఎంబీఏ. డిగ్రీ తర్వాత చదివే వ్యాపార నిర్వహణ కోర్సు. ఆ పేరుతో కోర్సు 1908లో అమెరికాలోని హార్వర్డ్‌తో మొదలైంది. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎంబీఏ 1957లోనే వచ్చింది. కలకత్తా, అహ్మదాబాద్ ఐఐఎంలు పుట్టింది 1961లో. మన విశాఖ ముందుందన్న సంగతి చాలామందికి గుర్తుండదు.

అమెరికాలో ఎంబీఏ సాధారణంగా రెండేళ్లు, దానికి ముందు కొన్నేళ్ల ఉద్యోగానుభవం చూస్తారు. ఐరోపాలో ఏడాది కోర్సులు ఎక్కువ. మన దగ్గర డిగ్రీ పట్టా చేతికి రాగానే చేరిపోతారు. పాఠంలోని సమస్య అనుభవంలోకి రాకముందే జవాబు నేర్చుకోవడం ఇక్కడి పద్ధతిలోని లోపం.

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు విద్యార్థికి ఎంబీఏలోకి దారి ఐసెట్ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్ష. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. ఇంగ్లిష్, లెక్కలు, తర్కం అడుగుతారు. తెలంగాణ సరిహద్దు కూతవేటు దూరమే అయినా, స్థానికత లెక్కలో తిరువూరు ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం కిందికి వస్తుంది. ఆ ప్రాంత కళాశాలల్లో 85 శాతం సీట్లు స్థానికులవే.

ఐఐఎంలకు మాత్రం క్యాట్ రాయాలి. 2017 ఐఐఎంల చట్టం వచ్చేదాకా అవి ఇచ్చింది డిప్లొమాయే, డిగ్రీ కాదు.