చంటిబిడ్డ ఉన్న ఇంట్లో చదువు: రోజుకు 105 నిమిషాల లెక్క

పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న కుటుంబంలో ఇంకో బిడ్డ పుట్టగానే చుట్టాలందరూ అడిగేది ఒకటే: ఇక చదువులెలా సాగుతాయి? బడి టైంటేబుల్ ఎదురుగా పెట్టుకుని చూస్తే ఇది అయ్యే పనిలా కనిపించదు. ఒక్కొక్కరికి రోజుకు నాలుగు గంటలంటే ఇద్దరికే ఎనిమిది గంటలు, ఇంకా బడి వయసు రాని చిన్నది వేరే. పచ్చి బాలింతకు ఎనిమిది గంటలు ఎక్కడివి? నిజానికి తల్లి పక్కన కూర్చుని తీరాల్సిన సమయం రోజుకు రెండు గంటలు కూడా ఉండదు. ఆ కాస్త సమయాన్ని ఎక్కడ సర్దాలి, అందులో ఎంత ఇంకొకరి చేతికి ఇవ్వాలి అన్నది తేలితే మిగతాది దానంతటదే కుదురుకుంటుంది.

ముందు ఆ నాలుగు గంటలు ఎక్కడివో చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం అనుబంధంలో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు అని ఉంది. రోజుకు 4 గంటలన్నమాట. ఆరు నుంచి ఎనిమిది వరకు 220 రోజులు, 1,000 గంటలు. ఇవి బడులకు పెట్టిన కొలతలు. ఇంటి చదువును ఆ చట్టం పేరుపెట్టి ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు. అదే చట్టం ప్రాథమిక బడిలో 30 మందికి ఒక టీచరు ఉండాలంటుంది. 40 నిమిషాల పీరియడ్‌ను 30 మందికి సమానంగా పంచితే తలా 80 సెకన్లు వస్తాయి. అందరికీ కలిపి చెప్పే పాఠానికి విలువ లేదని కాదు. హాజరు, వరస, బోర్డు మీది నోట్సు ఎక్కించుకోవడం, పక్కవాళ్లు పూర్తిచేసేదాకా ఆగడం అన్నీ ఆ నాలుగు గంటల్లోనే ఉంటాయి. ఇంట్లో ఒక పిల్లవాడి పక్కన 20 నిమిషాలు కూర్చుంటే ఆ 20 నిమిషాలూ వాడివే.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు లెక్క ఇంకోలా ఉంటుంది. న్యూయార్క్ రాష్ట్రం ఒకటి నుంచి ఆరో తరగతి వరకు ఏడాదికి 900 గంటలు, ఆపైన 990 గంటలు అడుగుతుంది. ఏడాదికి నాలుగు నివేదికలు పంపాలి. మిస్సోరీలో 1,000 గంటలు, అందులో 600 ప్రధాన సబ్జెక్టులవి. టెక్సస్‌లో గంటల నిబంధనే లేదు. 900 గంటలను 180 రోజులకు పంచితే రోజుకు 5 గంటలు. విని కంగారు పడనక్కర్లేదు. అవి పిల్ల చదువులో గడపాల్సిన గంటలు. సొంతంగా చదువుకున్నదీ, రాసుకున్నదీ కూడా చదువే.

ఇప్పుడు చంటిబిడ్డ లెక్క. కొత్తగా పుట్టిన బిడ్డ 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. పదిసార్లనుకుందాం. పాలు పట్టి, భుజాన వేసుకుని తేన్పు తెప్పించడానికి అరగంట, డైపర్ మార్చి సర్దడానికి పది నిమిషాలు. విడతకు 40 నిమిషాల చొప్పున రోజుకు ఆరు గంటల 40 నిమిషాలు అక్కడే పోతాయి. అందులో దాదాపు సగం రాత్రిపూట. మొదటి మూడు నెలల్లో బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతుందన్న మాట నిజమే. అది విని తల్లికి బోలెడు తీరిక అనుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ నిద్ర ముక్కలు ముక్కలుగా వస్తుంది. పగలు పాలకూ పాలకూ మధ్య ఎడం, ఒకసారి మొదలుపెట్టిన దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టేదాకా, రెండు మూడు గంటలు. అందులో 40 నిమిషాలు పోను, బిడ్డను జోకొట్టి పడుకోబెట్టి, తను రెండు ముద్దలు తినేసరికి నమ్మకంగా చేతికి చిక్కేది ఒక గంట. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట లోపల అలాంటి గంటలు రెండే ఉంటాయి. ఆ రెండు ముద్దలను కూడా టైంటేబుల్లో రాసి పెట్టాలంటాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సుల ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజూ 600 కిలోక్యాలరీలు అదనంగా కావాలి. పిల్లల పాఠాలు అయ్యాక తింటానని వాయిదా వేసే తిండి కాదది.

రెండు గంటల్లో ముగ్గురి చదువు పడుతుందా? ఉదాహరణకు పదేళ్ల అమ్మాయి, ఏడేళ్ల అబ్బాయి, నాలుగేళ్ల చిన్నది ఉన్న ఇల్లు అనుకుందాం. పెద్దదానికి లెక్కల్లో కొత్త పాఠం చెప్పడానికి 20 నిమిషాలు, రాసింది దిద్దడానికి 20. అబ్బాయితో పైకి చదివించడానికి 20, కూడికలూ తీసివేతలకు 15, డిక్టేషన్‌కు 10. చిన్నదానికి పదేసి నిమిషాలు రెండు విడతలు. 40, 45, 20 కలిపితే 105 నిమిషాలు. ఇంత చిన్న పాఠాలా అనిపించవచ్చు. ఇంగ్లండ్‌లో 1886లోనే ఇంటి చదువు మీద పుస్తకం వేసిన షార్లెట్ మేసన్ కూడా ఎనిమిదేళ్లలోపు పిల్లలకు పాఠం 20 నిమిషాలు దాటనక్కర్లేదనే చెప్పారు. రెండు ఖాళీలు కలిపి 120 నిమిషాలు, కావాల్సింది 105. మిగిలే 15 నిమిషాలు బిడ్డ ముందే లేచి ఏడ్చినప్పటికి. ముందు కూర్చోవాల్సింది చిన్నదానితో. నాలుగేళ్ల పిల్లకు ఏ చట్టంలోనూ గంటల లెక్క లేదు, ఇక్కడ విద్యాహక్కు మొదలయ్యేది ఆరేళ్లకు. కానీ అమ్మ ఒడి చేజారింది ఆ పిల్లకే. మొదటి పది నిమిషాలు దాని వంతు అయితే తర్వాతి 50 నిమిషాలు మిగతావాళ్లను చదువుకోనిస్తుంది.

పాలిచ్చే అరగంటను ఈ 120లో కలపలేదు. అది చదువుకు పనికిరాదని కాదు. ఆ సమయంలో తల్లికి చేతులు ఖాళీ ఉండవు గానీ నోరు, చెవులు ఖాళీయే. అందుకే పాఠాలను సబ్జెక్టుల వారీగా కన్నా నోటిపని, చేతిపని అని విడదీసుకోవడం మేలు. పదకొండు గంటలకు అమ్మ దివాన్ మీద దిండుకు ఆనుకుని బిడ్డకు పాలిస్తుంటుంది. అబ్బాయి ఎదురుగా కూర్చుని ఏడో ఎక్కం అప్పజెబుతాడు. ఏడెనిమిదుల దగ్గర తడబడి మళ్లీ ఏడార్ల నుంచి ఎత్తుకుంటాడు. పెద్దది కథల పుస్తకం పట్టుకుని తన వంతు కోసం చూస్తుంటుంది. చిన్నది నేలమీద చింతపిక్కలను పదేసి కుప్పలు పోస్తుంటుంది. ఎక్కాలు, పద్యాలు, స్పెల్లింగులు, కథ విని తిరిగి చెప్పడం, ప్రశ్నలడగడం అన్నీ నోటిపనులే. భాగహారం మెట్లు చూపించడం, గుణింతాల్లో చెయ్యి పట్టి దిద్దించడం చేతిపనులు. బిడ్డ నిద్రపోయే ఆ గంటను వాటికి దాచుకోవాలి.

అమ్మ అటున్నప్పుడు మిగతావాళ్లు ఏం చేయాలో వాళ్లకే తెలియాలి. ఒక్క టీచరు, నాలుగైదు తరగతుల పిల్లలు ఉన్న చోటల్లా ఉన్న సమస్యే ఇది, తెలుగు నేలకు కొత్తది కాదు. 1823లో బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ పంపిన నివేదికలో ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారని ఉంది. వాటిలో 226 తెలుగు బడులు. సగటున బడికి 12 మంది, పంతులు ఒక్కరే. పిల్లలు ఇసుకలో వేలితో రాయడం, ముందున్నవాళ్లు వెనకున్నవాళ్లకు చెప్పడం క్యాంప్‌బెల్‌కు బాగా నచ్చాయి. ఇదే చిక్కును మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో 1980ల చివరి నుంచి ఇంకాస్త శాస్త్రీయంగా విప్పారు. చుట్టుపక్కల పల్లెల బడుల కోసం పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. కార్డుల వరసను నిచ్చెనలా ఒక పటం గీసి గోడకు పెట్టారు. పిల్లవాడు పటంలో తానెక్కడ ఉన్నాడో చూసుకుని తర్వాతి కార్డు తానే తెచ్చుకుంటాడు. టీచరు తప్పనిసరిగా కావాల్సినవాళ్లు ఒక గుంపు, కొంచెం సాయం చాలినవాళ్లు ఒకటి, తోటిపిల్లలతో చేసుకునేవాళ్లు ఒకటి, ఒంటరిగా చేసుకోగలవాళ్లు ఒకటి. ఆ పద్ధతి తర్వాత తమిళనాడు సర్కారు బడులకూ వెళ్లింది. ఇంట్లో దీనికి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. పిల్లకో డబ్బా, అందులో ఆ రోజుకు ఆరు కార్డులు, ముందురోజు రాత్రి రాసి పెడితే చాలు. చూచిరాత ఒక పేజీ, పటంలో అయిదు నదులు, పుస్తకంలో ఎనిమిది పుటలు, ఇలా. అమ్మను అడగకుండా చేయగలిగిన పనే కార్డు మీదకు ఎక్కాలి.

అక్క తమ్ముడికి చెప్పడం అక్కకూ చదువే, రోజుకు 15 నిమిషాల వరకు. ఆమెను గంటల తరబడి చంటిబిడ్డను ఎత్తుకునేలా చేసి, అదీ జీవిత పాఠమేనని సరిపెట్టుకోవడం మాత్రం అన్యాయం. పదేళ్ల పిల్ల చదువుకోవాల్సిన పదేళ్ల పిల్లే. ఆ బరువు మోయాల్సిన పెద్దమనిషి ఇంట్లో ఇంకొకరున్నారు.

2024లో కేంద్రం చేసిన కాలవినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపనిలో ఉన్న స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. మూడు రెట్లకు పైగా తేడా. టైంటేబుల్ మీద ఎన్ని రంగులు పూసినా ఈ తేడా తగ్గకపోతే అది నిలవదు. మన 105 నిమిషాల్లోంచి నాన్న ఎంత తీసుకోగలడో చూడండి. పెద్దదాని లెక్కలు, రాత దిద్దడం కలిపి 40 నిమిషాలు, అబ్బాయి డిక్టేషన్ 10. మొత్తం 50. ఆఫీసుకు వెళ్లేముందు అరగంట, వచ్చాక ఇరవై నిమిషాలు. తల్లి వంతుకు మిగిలేది 55 నిమిషాలు, అది ఒక్క ఖాళీలో పడుతుంది. రెండో ఖాళీలో ఆమె పడుకోవచ్చు. రాత్రి నాలుగైదుసార్లు లేచే మనిషికి పగటిపూట ఆ గంట నిద్ర దొరకడమే ఈ లెక్కంతటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. టైంటేబుల్లో ముందు ఆ గడిని నింపి, తర్వాతే పాఠాలు రాయాలి.

ఇదంతా ఆరు వారాలు దాటాక. కాన్పు తర్వాత మొదటి ఆరు వారాలు పాఠాలే వద్దు. అంత కాలం చదువు ఆగితే ఎలా అనే భయానికి క్యాలెండరే జవాబు చెబుతుంది. 365 రోజుల్లో 52 ఆదివారాలు పోతే 313. ఆరు వారాలకు ఆరేసి రోజుల చొప్పున 36 తీసేస్తే 277. పండగలు, పెళ్లిళ్లు, జ్వరాలు, టీకాల రోజులు 50 అనుకున్నా 227 మిగులుతాయి. బడులకు చట్టం పెట్టిన 200 కన్నా ఇంకా 27 ఎక్కువే. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో పదో తరగతి స్థాయి కోర్సులో చేరడానికి కనీస వయసు 14. మన పదేళ్ల అమ్మాయికి అక్కడికి నాలుగేళ్లు, అంటే 208 వారాలుంది. అందులో ఆరు వారాలు మూడు శాతానికి లోపు. చేరాక కూడా ఆ నమోదు అయిదేళ్లు చెల్లుతుంది, పరీక్ష రాయడానికి తొమ్మిది అవకాశాలుంటాయి.

అమ్మమ్మో నాయనమ్మో వచ్చి ఉన్న ఇంట్లో ఇంకో లెక్క చూసుకోవాలి. అమెరికాకు విజిటర్ వీసా మీద వెళ్లే పెద్దవాళ్లకు మామూలుగా ఇచ్చే గడువు ఆరు నెలలు, అంటే 26 వారాలు. కాన్పుకు రెండు వారాల ముందు దిగితే, బిడ్డకు 24 వారాలప్పుడు తిరుగు ప్రయాణం. సరిగ్గా ఆరు నెలల దగ్గరే బిడ్డకు పాలతో పాటు మెత్తటి తిండి మొదలవుతుంది, రోజుకు రెండు మూడు సార్లు. ఒక్కోసారి 25 నిమిషాలనుకుంటే 50 నుంచి 75 నిమిషాల కొత్త పని వచ్చిపడుతుంది, అదీ చేతి సాయం పోయిన రెండు వారాలకే. అందుకే అమ్మమ్మ ఉన్నన్నాళ్లూ ఆమెకు బిడ్డతో పాటు పిల్లల తెలుగు చదువు కూడా అప్పగించి, ఆమె బయల్దేరడానికి మూడు వారాల ముందే ఆ పాఠాలను ఒక్కొక్కటిగా నాన్న గడిలోకి మార్చుకోవడం మంచిది.

పాకడం మొదలయ్యాక అసలు కష్టం తెలుస్తుంది. నెలల బిడ్డ పెట్టిన చోటే ఉంటుంది. ఎనిమిది నెలల బిడ్డ చింతపిక్కల వైపే వస్తుంది, దొరికింది నోట్లో పెట్టుకుంటుంది. పిక్కలు, పూసలు, పెన్ను మూతలు అటకెక్కాలి, చిన్నదాని లెక్కలకు పెద్ద చెక్క బిళ్లలో గ్లాసులో వాడుకోవాలి. పగటి నిద్రలు అప్పటికి చాలా ఇళ్లలో రెండుకు తగ్గుతాయి గానీ ఒక్కొక్కటి కాస్త పొడవుగా, కాస్త నికరంగా ఉంటుంది. పొద్దుటి నిద్ర ఏ వేళకు స్థిరపడిందో ఒక వారం గోడమీద రాసి చూసుకుని, చేతిపని పాఠాలను అక్కడికి జరిపితే సరి.