ఎర్రర్ వచ్చిందంటే దారి మూసుకుపోయినట్టు కాదు: పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు, ప్రోగ్రామింగ్ టూల్స్

పాలిటెక్నిక్‌లోనో బీటెక్‌లోనో కంప్యూటర్ సీటు వచ్చిందంటే ఇంట్లో ఒకవైపు సంతోషం, మరోవైపు ల్యాప్‌టాప్ ఖర్చు గురించి ఆలోచన. కొత్తది కొనాలంటే వేలల్లో మాట. భాయిజాన్ చదువు అయ్యాక పక్కన పడేసిన పాత ల్యాప్‌టాప్ బీరువాలో ఉంటుంది గానీ, ఆన్ చేస్తే చాయ్ తాగి వచ్చేదాకా తెర మీద ఏమీ కనిపించదు. పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 చాలా పాత మెషీన్లకు అధికారికంగా ఎక్కదు.

అలాంటి మెషీన్‌ను మళ్లీ పనిలోకి తెచ్చే దారి లినక్స్. అందులోనూ కొత్తవారికి సులువైన వాటిలో ఒకటి ఉబుంటు. ఎక్కించడం వరకు చాలామందికి బాగానే సాగుతుంది. చిక్కంతా ఆ తర్వాతే. సీ కంపైలర్ పెట్టబోతే ఒక ఎర్రర్, పైథాన్ లైబ్రరీ పెట్టబోతే ఇంకో ఎర్రర్. రెండు రోజులు కుస్తీ పట్టి 'ఇది నా వల్ల కాదు' అని పిల్లలు వదిలేస్తారు. 'ఆ ల్యాప్‌టాపే పనికిరాదు' అని పెద్దలు తేల్చేస్తారు. ల్యాబ్ పరీక్ష మాత్రం ఆగదు.

నిజానికి ఎర్రర్ అంటే మెషీన్ తన ఇబ్బంది ఏమిటో చెప్పుకోవడమే. ఆ మాట చదవడం వస్తే సగం పని అయినట్టే.

ఉచితం అంటే దొంగ కాపీ కాదు

'డబ్బులు కట్టకుండా ఎలా ఇస్తారు? ఇది క్రాక్ చేసిన సాఫ్ట్‌వేరా?' అని తల్లిదండ్రులు అడగడం సహజం. కాదు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో చూడవచ్చు, మార్చవచ్చు, పక్కవారికి పంచవచ్చు అన్నది దాని ఉద్దేశం. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి యూనివర్సిటీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను విడుదల చేశారు. 1993లో డెబియన్, దాని ఆధారంగా 2004లో ఉబుంటు వచ్చాయి. పంచుకోవడానికి లైసెన్సే అనుమతి ఇస్తుంది కాబట్టి ఇందులో దొంగతనం మాటే లేదు. హైదరాబాద్‌లో 'స్వేచ్ఛ' అనే సంస్థ ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను విద్యార్థులకు దగ్గర చేసే పని చేస్తోంది.

ఉబుంటులో రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వచ్చే ఎల్‌టీఎస్ వెర్షన్ చదువుకునేవారికి మేలు. దానికి ఐదేళ్లు అప్‌డేట్లు వస్తాయి. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 24.04 అలాంటిదే.

ఎక్కించే ముందు

24.04కు 4 జీబీ ర్యామ్, 25 జీబీ డిస్క్ చోటు ఉంటే మంచిది. ర్యామ్ అంతకన్నా తక్కువైతే ఇదే కుటుంబంలోని తేలికైన లుబుంటు, జుబుంటులను చూడాలి. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి.

మొదట ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడవచ్చు. వైఫై, సౌండ్, కీబోర్డ్ పనిచేస్తున్నాయో లేదో అక్కడే తెలిసిపోతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'ఎరేజ్ డిస్క్' అన్న ఆప్షన్ ఎంచుకుంటే ఆ డిస్క్ మీద ఉన్నదంతా పోతుంది. షాదీ ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, పాస్‌పోర్ట్ కాపీలు ముందే వేరేచోట దాచుకోవాలి. ఈ ఒక్క పని మరిచిపోతే తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు.

టెర్మినల్‌లో మొదటి అడుగులు

కంట్రోల్, ఆల్ట్, టీ కీలు మూడూ కలిపి నొక్కితే టెర్మినల్ తెరుచుకుంటుంది. ఇక్కడ ఆదేశాలు చదవడానికి వీలుగా తెలుగులో ఉన్నాయి. టైప్ చేసేది మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే.

మొదటిది: సుడో ఆప్ట్ అప్‌డేట్. సుడో అంటే ఇంటి పెద్ద తాళం లాంటిది, సిస్టమ్‌లో మార్పులు చేయడానికి అనుమతి. ఆప్ట్ అంటే సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టే సాధనం. అప్‌డేట్ అంటే ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కడ దొరుకుతుందన్న జాబితాను తాజా చేయడం. దీంతో ఏదీ ఇన్‌స్టాల్ కాదు.

ఇక్కడే మొదటి కంగారు. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్కలు కూడా కనిపించకపోవచ్చు. కీబోర్డ్ పాడైందని చాలామంది అనుకుంటారు. ఏమీ పాడవలేదు. పక్కనున్నవారికి ఎన్ని అక్షరాలో కూడా తెలియకూడదని అలా పెట్టారు. పాస్‌వర్డ్ పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కితే చాలు.

రెండోది: సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్. ఈ ఒక్క పేరుతో సీ కంపైలర్ జీసీసీ, సీ ప్లస్ ప్లస్ కంపైలర్, మేక్ అనే టూల్, వాటికి కావలసిన హెడర్ ఫైళ్లు అన్నీ వస్తాయి. జావా కావాలంటే బిల్డ్-ఎసెన్షియల్ బదులు డిఫాల్ట్-జేడీకే అని కొట్టాలి. పైథాన్ ఉబుంటుతోపాటే వస్తుంది. దాన్ని పైథాన్3 అని పిలవాలి.

మూడోది: జీసీసీ అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, రెండు అడ్డగీతలు పెట్టి, వాటిని ఆనుకుని వెర్షన్ అని కొట్టాలి. నంబర్ చూపిస్తే కంపైలర్ కూర్చున్నట్టే.

తరచూ ఎదురయ్యే ఎర్రర్లు

'అనేబుల్ టు లొకేట్ ప్యాకేజ్' అంటే ఆ పేరుతో సాఫ్ట్‌వేర్ జాబితాలో లేదని అర్థం. ఎక్కువసార్లు కారణం రెండే: పేరులో స్పెల్లింగ్ తప్పు, లేదా మొదటి ఆదేశం ఇవ్వకపోవడం.

'కుడ్ నాట్ గెట్ లాక్' అంటే ఇంకో ప్రోగ్రామ్ అదే పనిలో ఉందని. కొత్తగా ఎక్కించిన ఉబుంటు వెనకాల తనంతట తాను అప్‌డేట్లు తెచ్చుకుంటూ ఉంటుంది. కొంతసేపు ఆగి మళ్లీ కొడితే సరిపోతుంది. లాక్ ఫైల్‌ను డిలీట్ చేయమని కొందరు సలహా ఇస్తారు. చేయకూడదు. సగంలో ఉన్న పని చెడిపోతుంది.

ఇన్‌స్టాల్ సగంలో ఉండగా కరెంట్ పోయి, బ్యాటరీ లేని ల్యాప్‌టాప్ ఆగిపోయిందనుకుందాం. తర్వాత 'డీపీకేజీ వాజ్ ఇంటరప్టెడ్' అని వస్తుంది. ఏ ఆదేశం ఇవ్వాలో ఆ వాక్యంలోనే రాసి ఉంటుంది. దాన్ని ఉన్నది ఉన్నట్టు టైప్ చేస్తే ఆగిన పని పూర్తవుతుంది. జవాబు ఎర్రర్‌లోనే ఉందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు.

'టెంపరరీ ఫెయిల్యూర్ రిజాల్వింగ్' అంటే నెట్ అందడం లేదని. మొబైల్ హాట్‌స్పాట్, డేటా బ్యాలెన్స్ చూసుకోవాలి.

'నాట్ వాలిడ్ యెట్' అని వస్తే గడియారం చూడాలి. పాత ల్యాప్‌టాప్ లోపల తేదీని గుర్తుంచుకునే చిన్న బ్యాటరీ అయిపోతే, మెషీన్ ఏ పాత సంవత్సరంలోనో ఉన్నాననుకుంటుంది. ఈరోజు తయారైన జాబితా దానికి భవిష్యత్తులోదిగా కనిపిస్తుంది. తేదీ, టైమ్ సరిచేస్తే ఎర్రర్ పోతుంది. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ తప్పుతుంటే ఆ బ్యాటరీ మార్చాలి. అది ఖరీదైన వస్తువేమీ కాదు.

'కమాండ్ నాట్ ఫౌండ్' అంటే ఆ టూల్ ఇన్‌స్టాల్ కాలేదు, లేదా పేరు తప్పు కొట్టారు. లినక్స్‌కు పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు. కంపైల్ చేశాక వచ్చే ఎ.అవుట్ ఫైల్‌ను నడపాలన్నా పేరు ఒక్కటే కొడితే ఇదే ఎర్రర్ వస్తుంది. పేరు ముందు ఒక చుక్క, ఒక స్లాష్ పెట్టాలి. అంటే 'ఈ ఫోల్డర్‌లోనే ఉంది, ఇక్కడ చూడు' అని చెప్పడం. 'పర్మిషన్ డినైడ్' అని వస్తే ఫైల్ పెన్‌డ్రైవ్ మీద ఉందేమో చూడాలి. హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, అక్కడ మళ్లీ కంపైల్ చేస్తే చాలాసార్లు నడుస్తుంది.

పాత రికార్డు, కొత్త కంపైలర్

మన కాలేజీల్లో చాలాకాలం సీ భాషను టర్బో సీలో నేర్పారు. సీనియర్ల రికార్డుల్లో ఆ ప్రోగ్రాములే ఉంటాయి. వాటిని ఉబుంటులో కంపైల్ చేస్తే 'కోనియో.హెచ్: నో సచ్ ఫైల్' అని వస్తుంది. తప్పు విద్యార్థిది కాదు, ల్యాప్‌టాప్‌దీ కాదు. కోనియో ప్రామాణిక సీ భాషలో భాగమే కాదు. ఆ లైన్, దానితోపాటు క్లియర్‌స్క్రీన్ లైన్, చివరి గెట్‌సీహెచ్ లైన్ తీసేయాలి. వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్ అని రాయాలి. సాధారణ ల్యాబ్ ప్రోగ్రాములు చాలావరకు ఇంతటితో నడుస్తాయి.

వర్గమూలం లెక్కించే ప్రోగ్రామ్‌లో మ్యాథ్ హెడర్ పెట్టినా 'అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్' అని రావచ్చు. జీసీసీ ఆదేశం చివర ఒక స్పేస్, అడ్డగీత, ఎల్, ఎం అక్షరాలు చేర్చాలి. గణిత లైబ్రరీని కలపమని చెప్పడం అది.

పైథాన్‌లో పిప్ చిక్కు

24.04లో పిప్‌తో నేరుగా లైబ్రరీ పెట్టబోతే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అని ఆపేస్తుంది. కారణం ఉంది. ఉబుంటులోని చాలా పనులు ఆ పైథాన్ మీదే ఆధారపడి ఉంటాయి. విద్యార్థి తెచ్చే లైబ్రరీలు దానితో కలిసిపోతే సిస్టమ్ చెడవచ్చు. అందుకే చదువుకు వేరే గది కట్టుకోవాలి.

ముందుగా సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-వెన్వ్. వెన్వ్ అంటే వి, ఈ, ఎన్, వి అనే నాలుగు అక్షరాలు. తర్వాత పైథాన్3 -ఎం వెన్వ్ ల్యాబ్ అని ఇస్తే ల్యాబ్ అనే ఫోల్డర్ తయారవుతుంది. సోర్స్ ల్యాబ్/బిన్/యాక్టివేట్ అంటే ఆ గదిలోకి అడుగుపెట్టినట్టు. ఇక పిప్ ఇన్‌స్టాల్ నంపై అన్నా అడ్డు చెప్పదు. ఏదైనా తేడా వస్తే ఆ ఫోల్డర్ ఒక్కటి తీసేసి మళ్లీ కట్టుకోవచ్చు. ఇల్లు చెక్కుచెదరదు. టెర్మినల్ కొత్తగా తెరిచినప్పుడల్లా సోర్స్ ఆదేశం మళ్లీ ఇవ్వాలని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఎర్రర్ ఎక్కడి నుంచి చదవాలి?

ఒక సెమికోలన్ మరిచిపోతే జీసీసీ పది ఎర్రర్లు కురిపించవచ్చు. అందులో మొదటిదే అసలుది, మిగతావి దాని వెంట వచ్చినవి కావచ్చు. కాబట్టి సీలో పైనుంచి చదవాలి. ఒకటి సరిచేసి మళ్లీ కంపైల్ చేయాలి. పైథాన్‌లో దీనికి తిరకాసు. అక్కడ అసలు మాట చివరి లైన్‌లో ఉంటుంది. ఏ లైన్‌లో తప్పో రెండూ నంబర్‌తో సహా చెబుతాయి.

చేయకూడని పనులు కూడా కొన్ని ఉన్నాయి. వెర్షన్ పాతదని సిస్టమ్ పైథాన్‌ను తీసేయకూడదు. దానితోపాటు డెస్క్‌టాపే పోవచ్చు. సుడోతో మొదలయ్యే ఆదేశం ఎక్కడ కనిపించినా, అది ఏం చేస్తుందో తెలియకుండా కాపీ చేయకూడదు. అందులో ఆర్ఎం ఉంటే మరీ జాగ్రత్త. అది ఫైళ్లను తీసేసే ఆదేశం. రీసైకిల్ బిన్‌లో కూడా మిగలవు.

సాయం అడగడానికి సిగ్గుపడనక్కర్లేదు. అడిగే తీరు మాత్రం ముఖ్యం. 'అన్నా, పనిచేయడం లేదు' అని వాట్సాప్‌లో పెడితే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఏ వెర్షన్, ఏ ఆదేశం ఇచ్చారు, ఏ ఎర్రర్ వచ్చింది అన్న మూడూ పూర్తిగా కాపీ చేసి పంపాలి. సగం తెర ఫొటో తీసి పంపితే జవాబు ఉన్న లైనే బయట ఉండిపోతుంది.

ఇక తల్లిదండ్రుల వంతు. బిడ్డ నల్లటి తెర ముందు గంటసేపు కూర్చుని ఒకే లైన్ మళ్లీ మళ్లీ కొడుతుంటే టైమ్ పాడుచేస్తోందని అనుకోకూడదు. ప్రోగ్రామింగ్‌లో పెద్ద భాగం అదే. ఉద్యోగంలో చేరాక కూడా రోజూ చేసేది అదే పని. పాత ల్యాప్‌టాప్ మీద ఎర్రర్ చదివి సరిచేసుకున్న అమ్మాయికి, రేపు కొత్త మెషీన్ మీద వచ్చే ఎర్రర్ కొత్తగా అనిపించదు.