గదుమకు కుట్లు వేస్తే సరిపోదు

పళ్ల ఆరోగ్యం మీద రాయమని నన్ను అడిగారు. బ్రష్, ఫ్లోరైడ్ సంగతులు మీకు తెలిసినవే. నేను దవడ విరగడం గురించి, అందులోనూ పిల్లల గురించి రాస్తున్నాను.

కింది దవడ రెండు కొసలూ చెవుల ముందున్న కీళ్లలో కూర్చుంటాయి. గదుమ మీద పడితే ఆ దెబ్బ ఎముక గుండా పోయి కీలు దగ్గరి సన్నని మెడను విరిచేస్తుంది. పైకి కనబడేది గదుమ మీది గాయమే.

శ్రీరాంపూర్‌లో సింగరేణి బొగ్గుగనుల క్వార్టర్ల ముందు మా అక్క కొడుకు సైకిల్ మీంచి బోర్లా పడ్డాడు. ఒక ఆసుపత్రిలో కుట్లు వేసి పంపించారు, ఎక్స్‌రే తీయలేదు. నొప్పికి వాడు నోరు సరిగా తెరవడం మానేశాడు. ఇంట్లోవాళ్లు అన్నం మెత్తగా పిసికి పెట్టారు. పోనుపోను వాడి నోట్లో వేలు కూడా పట్టకుండా పోయింది. ఇలా దవడ కదపకుండా ఉంటే, కీలులో గడ్డకట్టిన నెత్తురు మెల్లగా ఎముకగా మారి, దవడను పుర్రెకు అతికించేస్తుంది. ఎదిగే వయసు కాబట్టి గదుమ పెరగక ముఖం ఒక పక్కకు పోతుంది. అప్పుడిక ఆ అతుకును కోసి తీయాల్సిందే, ఆ తర్వాత నెలల తరబడి నోరు తెరిచే వ్యాయామం. మొదట్లోనే కనిపెడితే చాలామంది పిల్లలకు కోత అక్కర్లేదు. కొద్దిరోజులు మెత్తని తిండి, వెంటనే వ్యాయామం చాలు.

పెద్దవాళ్లకు టైటానియం ప్లేట్లు బిగిస్తారు, లేదా పై పళ్లకూ కింది పళ్లకూ తీగలు కట్టి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచుతారు. పళ్లు మునుపటిలా కలవడమే అన్నిటికీ గురి. 2002 ఆంటిగ్వా టెస్టులో అనిల్ కుంబ్లే విరిగిన దవడకు కట్టు కట్టుకుని 14 ఓవర్లు వేసి లారాను అవుట్ చేశాడు. ఆ తెగువతో పాటు, ఆయన వెంటనే ఇంటిదారి పట్టింది ఆపరేషన్ కోసమేనని కూడా పిల్లలకు చెప్పండి.

నోటికి తీగలున్నప్పుడు పల్చటి రాగి జావ, పప్పుకట్టు, మజ్జిగ ఎంత బలమో మన అమ్మమ్మలకు తెలుసు. ఆ వంటలు మీ పిల్లలకు నేర్పండి. సింగరేణి గనుల్లో మన అన్నలు ప్రథమచికిత్స నేర్చుకుని పోటీలు పడతారు. ఆ ఊళ్ల బిడ్డలం మనం, పిల్లల విషయంలోనూ ఆ జాగ్రత్త వదలొద్దు.

ట్రాంపొలిన్ మీదో స్కూటర్ మీదో పిల్లవాడు గదుమ మీద పడితే, కుట్లు వేస్తుండగానే కీళ్లు చూశారా అని డాక్టరును అడగండి. చెవి ముందు నొప్పి, చెవిలోంచి నెత్తురు, పళ్లు కలవకపోవడం, నోరు తెరిస్తే గదుమ పక్కకు జరగడం ఉంటే స్కాన్ తీసేదాకా ఇంటికి రాకండి. ఆ తర్వాత కూడా ఏడాదిపాటు నెలకోసారి చూడండి: వాడి మూడు వేళ్లు నిలువుగా వాడి నోట్లో పట్టాలి. పట్టకపోతే ఆలస్యం చేయకుండా దవడ సర్జన్ దగ్గరికి తీసుకెళ్లండి.