ఆ రిపోర్టు ఎవరి కంటపడాలి?

గర్భిణికి చేసిన హెచ్.ఐ.వి. పరీక్ష ఫలితాన్ని నర్సు కంప్యూటర్‌లో నమోదు చేయగానే అది సర్వర్‌కు వెళుతుంది. దారిలో ఎవరూ చదవకుండా టి.ఎల్.ఎస్. అనే పద్ధతి దానిని రహస్య సంకేతాలుగా మారుస్తుంది. బ్రౌజర్‌లో చిరునామా ‘హెచ్.టి.టి.పి.ఎస్.’తో మొదలవడం దానికి గుర్తు. అయితే ఆ రక్షణ దారి వరకే. సర్వర్‌లో దాచేటప్పుడు మళ్ళీ సంకేతాలుగా మార్చి, వాటిని విప్పే తాళంచెవిని వేరేచోట ఉంచాలి. ఇలాంటి వివరాలను కాపాడడం 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం ప్రకారం ఆసుపత్రి బాధ్యత.

2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై దాడి జరిగినప్పుడు సిబ్బంది చాలా రోజులు కాగితాలతోనే నెట్టుకొచ్చారు. నెట్‌కు కలపని మరో కాపీ ఉండాలనేది అందుకే.

ఇన్ని తాళాలు వేసి, పాస్‌వర్డ్ చీటీని మానిటర్‌కు అంటిస్తే? నేనూ ఒకప్పుడు అంటించినదాన్నే. సిస్టర్స్, డ్యూటీ మారగానే లాగ్ అవుట్ చేయండి. మీ లాగిన్‌తో ఆ రిపోర్టు ఎవరు తెరిచినా, రికార్డులో చూసింది మీరే.