దంతవక్త్రుడి కోట ఎవరు కట్టారు?

శ్రీకాకుళం జిల్లా పూండిలో రైలెక్కి దక్షిణంగా ఆముదాలవలస దాకా వెళ్తే, అక్కడికి దగ్గర్లోనే సరుబుజ్జిలి మండలంలో పెద్ద మట్టికోట ఒకటి ఉంది. జనం దాన్ని దంతవక్త్రుని కోట అంటారు. అదే లైన్లో ఉత్తరానికి వెళ్లి భువనేశ్వర్‌లో దిగితే ఊరి అంచున మరో మట్టికోట. దాని పేరు శిశుపాలగఢ్.

భాగవతం విన్నవారికి ఈ రెండు పేర్లూ జంటగానే గుర్తొస్తాయి. వైకుంఠం వాకిలి కాసే జయవిజయులు శాపం వల్ల మూడు జన్మలెత్తారు. ఆఖరి జన్మలో శిశుపాలుడు, దంతవక్త్రుడు అయ్యారు. పురాణం ప్రకారం శిశుపాలుడిది చేది దేశం, దంతవక్త్రుడిది కరూశ దేశం. రెండూ మధ్య భారతంలోవి. మరి కళింగ కోటలకు వాళ్ల పేర్లు ఎలా వచ్చాయి?

ఇలాంటిదే మెక్సికోలో జరిగింది. అక్కడి సంగతి ముందు చూస్తే మన కోట సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

మెక్సికో సిటీకి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో టియోటివాకాన్ అనే శిథిల నగరం ఉంది. అక్కడి పెద్ద పిరమిడ్ ఎత్తు దాదాపు 65 మీటర్లు. దాన్ని కట్టింది అజ్టెక్‌లని (1521లో స్పానిష్ వాళ్ల చేతిలో ఓడిపోయిన మెక్సికో పాలకులు) చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆ నగరం క్రీ.శ. 600 ప్రాంతానికే క్షీణించింది. అజ్టెక్‌లు తమ రాజధాని టెనోచ్టిట్లాన్‌ను స్థాపించింది 1325 ప్రాంతంలో. అంటే మధ్యలో ఏడు శతాబ్దాల ఎడం.

అజ్టెక్‌లు చూసేనాటికి ఆ నగరం పాడుబడి ఉంది. అంత పెద్ద కట్టడాలు మనుషులకు సాధ్యమా అనిపించింది. తమకు తెలిసిన కథల్లో అన్నిటికంటే పెద్దదాన్ని అక్కడ నిలిపారు. సూర్యుడు పుట్టింది అక్కడేనన్నారు. దేవతలంతా చీకట్లో అగ్నిగుండం చుట్టూ చేరారు. సూర్యుడు కావడానికి అందులో దూకాల్సి వస్తే ధనికుడైన దేవుడు వెనకాడాడు. ఒళ్లంతా పుళ్లున్న పేద దేవుడు ముందు దూకి సూర్యుడయ్యాడు. ఆ వెనక దూకిన ధనికుడు చంద్రుడయ్యాడు. సూర్య పిరమిడ్, చంద్ర పిరమిడ్ అనే పేర్లు అజ్టెక్‌ల నుంచే మనకు అందాయి. కట్టినవాళ్లు వాటిని ఏమని పిలిచేవారో చెప్పే ఆధారమేదీ దొరకలేదు.

కళింగ కోటల పేర్లనూ ఇదే తీరున అర్థం చేసుకోవచ్చు. కట్టినవాళ్లు మరుగున పడ్డారు. కోట మట్టిగట్టు మిగిలింది. తరవాత వచ్చినవాళ్లు తాము రోజూ వినే పురాణంలోంచి ఆ గట్టుకు ఒక యజమానిని వెతికారు. మన కోట విషయంలో పాత పేరు కూడా అందుకు దారి చూపి ఉండవచ్చు. కళింగను ఏలిన తొలి తూర్పు గాంగుల రాగి శాసనాల్లో దంతపురం అనే నగరం కనిపిస్తుంది. ఆ నగరం ఇదేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

బౌద్ధుల కథ వేరు. బుద్ధుడి దంతధాతువు (చితిలో మిగిలిన పన్ను) కళింగ రాజుకు దక్కిందనీ, దాన్ని దంతపురంలో పూజించారనీ, తరవాత రాకుమారి హేమమాల జడలో దాచి సింహళానికి చేర్చిందనీ పాలి గ్రంథం ‘దాఠావంసం’ చెబుతుంది. ఆ దంతపురం ఒడిశాలోని పూరీ అనే వాదమూ ఉంది.

ఈ కథల్లో ఏది నిజమో తవ్వకం తేల్చదు. అది జవాబు చెప్పే ప్రశ్న వేరు. గట్టును నిలువునా కోస్తే స్తరాలు (కాలక్రమంలో పేరుకున్న మట్టి పొరలు) బయటపడతాయి. గట్టు అడుగున చిక్కిన కుండపెంకు గట్టు కంటే పాతది. గట్టు పోశాక దానిమీద పేరుకున్న పొరలో దొరికినది తరవాతిది. ఆ రెంటి మధ్య కాలంలో కోట లేచిందన్నమాట. 1948లో పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ శిశుపాలగఢ్‌ను ఇలాగే పరిశీలించి, అది రెండు వేల ఏళ్లకు పైబడిన నగరమని చూపారు. దంతవక్త్రుని కోటలోనూ పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. అక్కడి పాత కుండపెంకులు, బౌద్ధ అవశేషాలు తొలి చారిత్రక యుగానికి (శాసనాలు, నాణేలు మొదలైన కాలం) చెందినవి. ఇక్కడ బౌద్ధులు ఉన్నారనడానికి అవి సాక్ష్యం. పన్ను ఇక్కడే ఉండేదనడానికి కాదు.

కాబట్టి ఒక్కో సాక్ష్యాన్ని దాని కాలానికే వాడాలి. అజ్టెక్‌ల సూర్యుడి కథ అజ్టెక్‌ల గురించి చెబుతుంది, పిరమిడ్ కట్టినవాళ్ల గురించి చెప్పదు. దంతవక్త్రుడి పేరు కూడా అంతే. భాగవతం ఈ ప్రాంత ప్రజల మనసులో ఎంత లోతుగా పాతుకుందో అది చూపిస్తుంది. కోట వయసు మాత్రం పెంకును అడగాలి. కథను తీసేస్తే ఊరి జ్ఞాపకం పోతుంది. కథతోనే సరిపెట్టుకుంటే కట్టినవాళ్లు రెండోసారి మరుగున పడతారు.

రెంటినీ కాపాడే పద్ధతులు కూడా వేరువేరు. కథను రాసి పెట్టుకోవచ్చు, పిల్లలకు చెప్పవచ్చు. పొరలకు ఆ వీలు లేదు. ఇంటికో, రోడ్డుకో గట్టు మట్టిని తవ్వి తీసుకుపోతే కిందిదీ మీదిదీ కలిసిపోతాయి. అప్పుడు పెంకు చేతిలో ఉన్నా, అది కోటకు ముందుదో తరవాతదో ఏ నిపుణుడూ చెప్పలేడు. పాత గట్టును కదపొద్దని పురావస్తు శాఖ పట్టుబట్టేది ఇందుకే.